గుంపుగా నెగురు పారాషూటులు ఏల ముడుచుకొనును?

పారాషూటు అనగా ఆకాశమునుండి దూకినవానిని మెల్లగా నేలకు దింపు సాధనమని మనలో చాలమంది యెఱుగుదురు. ఒక్కడు ఒక్క పారాషూటుతో దిగుట సామాన్యమైన విషయము. కాని ఇద్దఱు, నలుగురు, ఒక్కొక్కప్పుడు పదుల కొలది మనుష్యులు విమానమునుండి దూకిన కొలది సెకనులలోనే తమ పారాషూటులను విప్పుకొని, ఒకరి పాదములు మఱొకరి పారాషూటు నంటునంత దగ్గఱగా జేరి, ఒక వ్యూహముగా నేర్పడి యెగురు విద్య యొకటి కలదు. ఈ విద్య 1970వ దశకమునుండి వృద్ధిచెందినది. 2007వ సంవత్సరము నవంబరు నెలలో అమెరికా దేశమున ఫ్లారిడా రాష్ట్రములోని లేక్ వేల్స్ అను చోట నూఱుగురు ఇట్లు కలిసి వజ్రాకారమైన వ్యూహమును రచించిరి. పై వరుసలో ఒకరు, రెండవ వరుసలో ఇద్దఱు, ఇట్లు పదవ వరుసలో పదిమంది వఱకు పెరిగి, అటుపిమ్మట తొమ్మిది, ఎనిమిది అని తఱుగుచు చివరకు ఒక్కరితో ముగియు వ్యూహమది. ఈ వరుసల సంఖ్యలను కూడినచో సరిగా 100 వచ్చుట విద్యార్థులు తామే చూడవచ్చును.

చూచువారికి ఇది మేఘములనడుమ కట్టిన తోరణమువలె గన్పట్టును. కాని యందులో పాల్గొనువాడు క్షణక్షణము ఒక అపాయమును తలంచుకొనుచుండవలెను. అది పారాషూటు ఆకాశముననే ముడుచుకొనిపోవుట. నిండుగా విప్పారియున్న పారాషూటు, ఏ త్రాడును తెగకుండ, ఏ గుడ్డయు చినుగకుండ, ఒక్క క్షణములో తడిగుడ్డవలె వ్రేలాడుట ఎట్లు సంభవించును? పొరుగువాడు దగ్గఱకు వచ్చినంతమాత్రమున ఇట్లు జరుగుటకు కారణమేమి? ఈ వ్యాసమున ఈ ప్రశ్నలనే విచారింతము.

గుడ్డ గొడుగునుండి గాలిరెక్క వఱకు

పూర్వపు పారాషూటులు గొడుగు ఆకారముననే యుండెడివి. 1797వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీన ఫ్రాన్సు దేశీయుడగు ఆంద్రె జాక్ గార్నెరిన్ పారిస్ నగరమున బెలూనునుండి పట్టుగుడ్డ పారాషూటుతో దిగెను. ఆయన ప్రాణములతో నేల చేరెను గాని, దారి పొడవున ఆయన కూర్చున్న బుట్ట గడియారపు లోలకమువలె భయంకరముగా నూగినది. గొడుగు క్రింద చిక్కుకొన్న గాలి ఒకసారి ఈ యంచునుండియు, మఱొకసారి ఆ యంచునుండియు పొర్లిపోవుటయే ఆ యూపునకు కారణము. తరువాతివారు గొడుగు నడినెత్తిన రంధ్రము నుంచి, గాలి నేరుగా పైకి పోవుటకు దారి యిచ్చి, ఆ యూపును తగ్గించిరి.

ఆ లోపమును వేఱొక విధముగా దిద్దబూనిన వాడు రాబర్టు కాకింగ్ అను ఆంగ్లేయుడు. అతడు గొడుగును తలక్రిందుగా త్రిప్పి, చట్రములతో బిగించి, గరాటువంటి పారాషూటును నిర్మించెను. అది వంగరాదని, ముడుచుకొనరాదని అతని కోరిక. కాని చట్రముల బరువు మిక్కుటమైనది. 1837వ సంవత్సరము జూలై 24వ తేదీన లండను సమీపమున బెలూనునుండి విడువబడగానే చట్రము విఱిగి, కాకింగ్ మరణించెను. గట్టి కఱ్ఱకును లోహమునకును సాధ్యముకాని పనిని మెత్తని గుడ్డకు గాలియే నేర్పవలసియుండెనని ఈ చరిత్రవలన తెలియుచున్నది.

ఆ పనిని చక్కగా సాధించినవాడు గాలిపటములు చేయువాడగుట ముచ్చటైన విషయము. కెనడాలో జన్మించి అమెరికాలో స్థిరపడిన డొమినా జాల్బర్ట్ అను నాతడు గుడ్డతోనే పక్షిరెక్కవంటి యాకారమును కుట్టి, 1964వ సంవత్సరమున దానికి హక్కుపత్రము కోరెను. అది 1966వ సంవత్సరమున లభించెను. నేడు క్రీడార్థము దూకువారు వాడు పారాషూటులు దాదాపు అన్నియు ఈ జాతివే. ఇవి గొడుగువలె కేవలము దిగవు. ముందునకు జాఱుచు, రెక్కవలె ఎగురుచు, నడుపువాడు కోరిన వైపునకు తిరుగును. అందువలననే ఒకటి మఱొకదాని చెంతకు నడచి వెళ్లినట్లు వెళ్లగలదు.

రెక్కను నిలుపునది ఏది?

ఈ రెక్క నిర్మాణము సులభముగా గ్రహింపవచ్చును. పైన ఒక గుడ్డ, క్రింద ఒక గుడ్డ; రెంటి నడుమ నిలువుగా కుట్టిన అడ్డుగుడ్డలు. ఈ యడ్డుగుడ్డలవలన రెక్క కొన్ని అరలుగా విభాగింపబడును. వ్యూహములు కట్టువారి పారాషూటులలో సాధారణముగా ఏడు అరలుండును. వెనుకటి యంచు మూసి కుట్టబడియుండును. ముందటి యంచు మాత్రము నోరు తెఱచియుండును. రెక్క ముందునకు సాగుచుండగా ఎదురుగాలి ఆ నోళ్లలో జొరబడి, పోవుటకు దారి లేక లోపల నిలిచి, అరలను ఉబ్బించును. ఇందులో కఱ్ఱ లేదు, కమ్మి లేదు. గాలియే దూలము, గాలియే స్తంభము.

అడ్డుగుడ్డలలో చిన్న రంధ్రములు కూడ నుండును. ఒక యరలో గాలి తగ్గినచో ప్రక్క యరలనుండి ఆ రంధ్రములగుండ గాలి వచ్చి దానిని నింపును. పొరుగువారి సాయముతో ఒక యిల్లు నిలిచినట్లు, ప్రక్క యరల సాయముతో ఒక యర నిలుచును. కాని అరలన్నిటిలోను ఒకేసారి గాలి కొఱతపడినచో ఎవరు ఎవరికి సాయము చేయగలరు?

లోపలి గాలి బలమెంతయో లెక్కింతము. ఎదురుగాలి వలన కలుగు ఒత్తిడి, గాలి సాంద్రతను వేగవర్గముతో గుణించి, సగము చేసినంత. ఒక ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోగ్రాములు. లెక్క సులభమగుటకు రెక్క వేగము సెకనుకు 10 మీటర్లనుకొందము. అప్పుడు 1.2 ను 100తో గుణించి సగము చేయగా 60 వచ్చును. దీనిని 9.8చే భాగించినచో, ఒక చదరపు మీటరుపై సుమారు 6 కిలోగ్రాముల బరువు పెట్టినంత ఒత్తిడి యని తేలును. అఱచేయి వెడల్పుమీద ఇది 60 గ్రాములు మాత్రమే! మన చుట్టునున్న వాయుమండలము సముద్రమట్టమున ప్రతి చదరపు మీటరుపైనను పదివేల కిలోగ్రాములకు మించి ఒత్తుచున్నదని పాఠ్యపుస్తకములలో చదివియున్నాము. దానితో పోల్చినచో రెక్కను నిలుపు అధికపు ఒత్తిడి సుమారు 1,700లో ఒక వంతు.

మఱియొక సంగతి గమనింపుడు. వేగము సగమైనచో ఒత్తిడి సగము కాదు, నాలుగవ వంతగును. వేగవర్గమని చెప్పుటలోని భావమిదియే. సెకనుకు 10 మీటర్లనుండి 5 మీటర్లకు తగ్గినచో 6 కిలోగ్రాముల బలము ఒకటిన్నర కిలోగ్రామునకు దిగిపోవును. ఒక మనుష్యుని ప్రాణము ఇంత సన్నని బలముమీద ఆధారపడియున్నది. ఆ బలము నిలకడగా వచ్చుచున్నంత సేపు పారాషూటు పలకవలె గట్టిగా నుండును. అది తొలగిన మఱుక్షణము వట్టి గుడ్డయే.

ముడుచుకొనుటకు మూడు మూలములు

పై సంగతి తెలిసినచో, రెక్క ముడుచుకొనుటకు గల మూలకారణములను మనమే ఊహింపవచ్చును.

మొదటిది, గాలి చాలినంత వేగముగా రాకపోవుట. నడుపువాని చేతులలో రెండు పిడులుండును. వానిని క్రిందికి లాగినచో రెక్క వెనుకటి యంచు వంగి, వేగము తగ్గును. మితముగా లాగిన మేలే. మితిమీఱి లాగినచో రెక్క ఎగురుట మాని వెనుకకు జాఱును, అరలు ఖాళీయగును.

రెండవది, గాలి రావలసిన దిక్కునుండి రాకపోవుట. ముందటి త్రాళ్లను గట్టిగా లాగినను, ఎదురుగాలి హఠాత్తుగా పైనుండి క్రిందికి వీచినను, ముందటి యంచు లోపలికి మడిగిపోవును. నోరు మూతపడినవాడు భుజింపలేనట్లు, ముందంచు మడిగిన రెక్క గాలిని గ్రహింపలేదు.

మూడవది, వచ్చిన గాలి కలతపడినదై యుండుట. ఇదియే గుంపుగా ఎగురువారికి గల ప్రత్యేకమైన యపాయము.

గాలిని దొంగిలించుట

నీటిలో పడవ సాగినచో వెనుక సుడులును తరగలును మిగులును గదా! అట్లే గాలిలో సాగు ప్రతి వస్తువును తన వెనుక కలతపడిన గాలిని విడిచిపోవును. గొడుగు పారాషూటు నేరుగా క్రిందికి దిగును గనుక దాని కలతగాలి దాని నెత్తిపైననే యుండును. సైనికులు పెక్కుమంది ఒకేసారి దూకునపుడు ఒకని పారాషూటు మఱొకని నెత్తిపైకి వచ్చుట కలదు. అప్పుడు పైవాని గొడుగు క్రిందివాని కలతగాలిలో చిక్కి, నిండుతనము కోల్పోయి ముడుచుకొనును. పైవాడు వేగముగా క్రిందివానిని దాటి పడిపోవును. దాటిన పిమ్మట మంచిగాలి దొరకి అతని గొడుగు మఱల విప్పారును. అప్పుడు వీనిది వానికి అపాయమగును. దీనినే సైనికులు గాలిని దొంగిలించుట యందురు. దొంగిలింపవలెనని ఎవడును తలంపడు. దగ్గఱగా నుండుటయే దొంగతనమైనది.

రెక్క పారాషూటు ముందునకును క్రిందికిని ఏటవాలుగా సాగును గనుక దాని కలతగాలి వెనుకను, కొంచెము పైనను ఉండును. ఈ యొక్క వాక్యమును వ్యూహములు కట్టువారు కంఠస్థము చేయవలెను. ముందు పోవువాని పారాషూటునకు వెనుకగా, అదే యెత్తునగాని కొంచెము పైనగాని వచ్చువాడు కలతగాలిలో ప్రవేశించును. అచ్చట గాలి ఒక క్షణము ఎదురుగాను, మఱొక క్షణము ప్రక్కనుండియు, ఇంకొక క్షణము పైనుండియు వచ్చును. పైని చెప్పిన మూడు మూలములును అచ్చట ఒకేచోట కూడియుండును. ముందువాడు పిడులను మిక్కిలిగా లాగియుంచినచో అతని వెనుకటి కలత ఇంకను హెచ్చును. కావున ముందువాని నిలకడయే వెనుకవాని రక్షణము.

కలియు విధము, అందలి పొరపాట్లు

ఇప్పుడు ఇద్దఱు కలియు విధమును చూతము. మొదటివాడు తన దిశయు వేగమును మార్చక నిదానముగా సాగుచుండును. రెండవవాడు వెనుకనుండి, తగినంత దిగువగా చేరును. అతని పారాషూటు మొదటివాని పారాషూటునకు సమముగా గాక, మొదటివాని పాదముల యెత్తున నుండవలెను. అప్పుడు అది కలతగాలికి క్రింద, మంచిగాలిలో నుండును. అటుపిమ్మట మెల్లమెల్లగా ముందునకు సాగి, తన రెక్క ముందంచు నడిమిభాగమును మొదటివాని కాళ్లకు తగిలించును. మొదటివాడు నడిమి త్రాళ్లను పాదములతో మెలివేసి పట్టుకొనును. ఇట్లు ఇద్దఱును ఒకరిపై నొకరు నిలిచిన రెండంతస్తుల మేడవలె సాగుదురు. మూడవవాడు రెండవవానిని, నాలుగవవాడు మూడవవానిని ఇదే విధమున చేరును.

ఇందు కలుగు పొరపాట్లలో మొదటిది తొందర. వేగముగా వచ్చిన రెక్క పైవాని కాళ్లకు తాకి ఆగక, అతని శరీరముపై మడిగి, అతనిని దుప్పటివలె చుట్టివేయును. అప్పుడు క్రిందివానికి పారాషూటు లేదు; పైవానికి కన్ను కనబడదు, చేయి యాడదు. రెండవ పొరపాటు ఎత్తు తప్పి, పైపైన వచ్చుట. అట్టివాని రెక్క కలతగాలిలో వణకి, ముందంచు మడిగి, ఒక్కసారిగా దిగజాఱి ముందువాని త్రాళ్లలో పడవచ్చును. మూడవది, పట్టుకొన్నవాడు కాళ్లతో ముందంచును అదిమి, అరల నోళ్లను మూయుట. సాయముగా పట్టిన పట్టే ఊపిరి నాపు పట్టగును.

మనుష్యుల బరువులలోని భేదము కూడ విచారింపదగినదే. ఒకే కొలత గల పారాషూటుక్రింద బరువైనవాడు వేగముగాను, తేలికైనవాడు మెల్లగాను దిగును. వ్యూహమున నిద్దఱును సమముగా దిగవలెను గనుక, ఒక్కొక్కని బరువునకు దగిన కొలత గల పారాషూటును ఎన్నుకొందురు. చాలనిచో తేలికైనవాడు సీసపు తునకలవంటి బరువులను ధరించును. ఎండవేడిమివలన గాలి ఎగసిపడు వేళలలోను, గాలి నిలకడ లేని దినములలోను ఈ విద్య నభ్యసింపరాదని శిక్షకులు చెప్పుదురు. పొరుగువాని కలత చాలక, ఆకాశపు కలత కూడ తోడగుట తగదు గదా!

అపాయము వచ్చినపుడు

రెక్క ముడుచుకొన్నంత మాత్రమున ప్రాణము పోవునని తలంపరాదు. ఒకటి రెండు అరలు ముడిగినచో, నడుపువాడు గుంపునుండి తొలగి, మంచిగాలిలోనికి వచ్చి, రెండు పిడులను సమముగా పట్టి దిశ చెదరకుండ నిలిపినచో, ప్రక్క యరల గాలివలనను ఎదురుగాలివలనను రెక్క మఱల నిండుట తఱచు జరుగును. కాని నిండుటకు కాలము కావలెను. కాలము కావలెనన్నచో ఎత్తు కావలెను. ఆకాశమున ఎత్తే మూలధనము. సెకనుకు 5 మీటర్ల చొప్పున దిగువానికి 1,000 మీటర్ల యెత్తు 200 సెకనుల కాలమునిచ్చును. 100 మీటర్ల యెత్తు 20 సెకనులే యిచ్చును. పారాషూటు పూర్తిగా ముడిగినచో ఇంతమాత్రపు కాలమైనను దక్కదు. అందుచేతనే 2,500 అడుగులకు దిగువన క్రొత్తగా ఎవ్వరును కలియరాదని అమెరికా పారాషూటు సంఘమువారి సిఫారసు.

త్రాళ్లును గుడ్డలును పెనవేసికొన్నపుడు మొదటి పని మాటాడుట. ఒకనికి తెలిసిన సంగతి రెండవవానికి తెలియకపోవచ్చును. అందువలన వినికిడికి అడ్డురాని శిరస్త్రాణమును ధరింతురు. ఎత్తు ఎంతయున్నది, ఎవడు ముందు విడువవలెను అని కేకలు వేసి చెప్పుకొందురు. ప్రతివాని వీపున రెండవ పారాషూటు కూడ మడచి యుండును. చిక్కుపడిన మొదటి పారాషూటును విడిచి, కొంత దూరము జాఱి, రెండవదానిని విప్పుకొనవలెను. సామాన్యముగా క్రిందివాడు ముందు విడుచును. పైవాడు ముందు విడిచినచో క్రిందివానిమీదనే పడునని తెలిసికొనుట కష్టము కాదు. త్రాళ్లను కోయుటకు కొంకి కత్తి యొకటి ప్రతివానియొద్దను ఉండవలెను. చీలమండలు త్రాళ్ల యొఱపిడికి తెగకుండ దళసరి మేజోళ్లు తొడుగుకొందురు.

ఇక్కడ ఒక వింతను చెప్పవలెను. ఒంటరిగా దూకువారిలో పెక్కుమంది వాడు సాధనమొకటి కలదు. మొదటి పారాషూటును విడువగానే అది రెండవదానిని దానంతట విప్పును. ఒంటరివానికి అది ప్రాణరక్షకము. గుంపులో ఎగురువారు మాత్రము దానిని తొలగించి దూకుదురు. ఏలయన, ఇతరుల త్రాళ్ల నడుమనుండగా రెండవ పారాషూటు తనంతట విప్పారినచో, అదియు ఆ చిక్కులోనే పడిపోవును. ఒక చోట మేలు చేయు సాధనమే వేఱొక చోట కీడు చేయును. కావున సాధనములను కలిగియుండుట చాలదు. అవి ఏ కారణముచేత పనిచేయుచున్నవో తెలిసియుండవలెను. ఆకాశమున ఆలోచించుటకు సమయముండదు గనుక ఈ ఆలోచన యంతయు నేలమీదనే, దూకుటకు ముందే, కలిసి కూర్చుండి చేసికొందురు. ఎవడు ఎవని వెనుక చేరునో, ఏ యెత్తున విడిపోవలెనో, చిక్కుపడినచో ఎవడేమి చేయవలెనో ముందుగా నేలమీదనే నడచి చూచుకొందురు.

పాఠశాలలో చేయదగిన పరీక్ష

పై సూత్రములను పరీక్షించుటకు విమానము అవసరము లేదు. పలుచని గుడ్డతో కుట్టిన దిండుగలీబు నొకదానిని తీసికొనుడు. దాని నోటికి సన్నని తీగతో చేసిన వలయమును కుట్టి, తెఱచియుండునట్లు చేయుడు. బల్లమీది విద్యుత్ పంకా కెదురుగా దానిని పట్టుకొనుడు. గలీబు ఉబ్బి దిండువలె నిలుచును. పంకా వేగమును తగ్గించినచో వాలును. నోటిని ప్రక్కకు త్రిప్పినచో వ్రేలాడును. ఇప్పుడు పంకాను మరల వేగముగా త్రిప్పి, మఱొక విద్యార్థిని ఒక పుస్తకమును గలీబునకు జానెడు ముందుగా అడ్డము పట్టుమనుడు. గలీబు వణకి, ముడుచుకొనును. పుస్తకము గలీబును తాకలేదు. దాని గాలిని మాత్రము చెఱచినది. ఆకాశమున దగ్గఱగా ఎగురు ఇద్దఱినడుమ జరుగునది ఇదియే. పంకా రెక్కల దగ్గఱకు వ్రేళ్లుగాని గుడ్డగాని పోకుండ ఉపాధ్యాయుల సమక్షమున ఈ పరీక్షను చేయవలెను.

విద్యార్థులు ఆలోచింపదగిన ప్రశ్నలు

1. రెక్క వేగము సెకనుకు 12 మీటర్లైనచో ఒక చదరపు మీటరుపై ఒత్తిడి సుమారు ఎన్ని కిలోగ్రాములు? 6 మీటర్లైనచో ఎంత?

2. గొడుగు పారాషూటు కలతగాలి నెత్తిపైనను, రెక్క పారాషూటు కలతగాలి వెనుకను కొంచెము పైనను ఉండుటకు కారణమేమి? పటము గీచి చూపుడు.

3. అడ్డుగుడ్డలలో రంధ్రములు లేనిచో, ఒక యర ముడిగినపుడు ఏమగును?

4. 2,500 అడుగుల యెత్తున సెకనుకు 16 అడుగుల చొప్పున దిగువానికి నేల చేరుటకు ఎంత కాలము పట్టును? అంతలో ఒక చిక్కును విప్పుకొనుటకు ప్రయత్నించి, అది విఫలమైనచో రెండవ పారాషూటును విప్పుటకు ఎంత కాలము మిగుల్చుకొనవలెనని మీ యభిప్రాయము? కారణములతో వ్రాయుడు.